తెల్ల గీత

ఎల్లుండి ఖాళీ చెయ్యాల్సిన అద్దె ఇంటి బాత్రూములో వేడినీళ్ల ఆవిరి ఇంకా తేలుతోంది. టైల్స్ సందుల్లో పేరుకున్న నల్లటి జిడ్డును తోముతున్న కోడలు ఒకచోట ఆగి, గుమ్మంలో స్టూలు మీద కూర్చున్న అత్తగారి వైపు తిరిగింది.

“అత్తయ్యా, ఈ ఒక్క గీత మాత్రం మల్లెపువ్వులా ఉందేంటి?”

“నీకు తోమాల్సింది ఒకటి తగ్గిందిగా. సంతోషించు.”

“తలుపు దగ్గర్నుంచి కుళాయి దాకా ఉంది. సరిగ్గా మీ చెయ్యి ఆనే ఎత్తులో.”

కోడలు ఆ గీత వెంట వేలు పోనిచ్చి చూసింది.

“రోజూ దీన్ని తడుముకుంటూ వెళ్తున్నారా? కనబడటం లేదా మీకు?”

“అంతా తెల్లటి పొగలా ఉంటుందే. అందులో ఈదుతున్నట్టే ఉంటుంది. ఆ గీత వేలికి తగిలితే ఒడ్డు దొరికినట్టు.”

“ఇల్లు మారొద్దని అంత గొడవ చేసింది ఇందుకా! డాక్టరుకి చూపిద్దాం అత్తయ్యా.”

“చూపిద్దువుగానిలే. అందాకా ఆ కొత్తింట్లో నాకు దారేది?”

కోడలు బ్రష్షు కింద పెట్టింది.

“రేపు తాళాలు తీసుకుని మనిద్దరమే వెళ్దాం. గోడలన్నీ తడిమి చూద్దాం. నేనూ కళ్లు మూసుకుంటాను.”

“గుద్దుకుంటావే పిచ్చిదానా!”

“గుద్దుకోకుండా మీరు పట్టుకోండి.”