గడియారం గీసిన కంచె

"మన రహస్య స్థావరం కంచె మొత్తం ఇంటర్నెట్ మ్యాపులో ఎర్రగీతలా మెరుస్తోంది, సార్!" అంటూ కంప్యూటర్ విభాగం అధికారి కమాండర్ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టాడు.

"ఎవడు గీశాడయ్యా?"

"ఎవరిదో చేతి గడియారం, సార్. నడిచిన దారంతా మ్యాపుకి ఎక్కిస్తోంది. శత్రువు ఇక గూఢచారిని పంపక్కర్లేదు, ఫోన్ తెరిస్తే చాలు."

"అలాంటివి గేటు దగ్గరే ఇచ్చేయమన్నాను కదా!"

"జవాన్లందరూ ఇచ్చారు. ఇది మాత్రం రోజుకి నలభై వేల అడుగులు వేస్తోంది. వంటగది దగ్గర అరగంట, ప్రతి స్తంభం దగ్గరా ఒక్క క్షణం ఆగుతోంది."

"స్తంభం దగ్గరెందుకు?"

"నాకూ అదే అనుమానం వచ్చి, మన కాపలా కుక్కని పట్టుకుని చూశాను. మెడపట్టీ కింద దొరికింది. సాయంత్రంలోగా స్థావరం ఖాళీ చేయాలి, సార్. కట్టినవాడికి మాత్రం కోర్టు మార్షల్ తప్పదు."

కమాండర్ లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

"నేనే కట్టానయ్యా. రోజుకి పదివేల అడుగులు నడవకపోతే ఇంట్లో కాలు పెట్టొద్దంది మీ మేడమ్. అక్కడ కూర్చుని ఫోన్‌లో లెక్క చూస్తుంది. నాకేమో మోకాళ్ల నొప్పులు, దానికేమో నాలుగు కాళ్లు!"