తెర వెనక చెయ్యి

గోడ పొడుగునా బెంచీలు వేసిన వసారా. చివర తలుపు, లోపల నల్లతెర, తెరకి ఇవతల వాయించేవాళ్లు, అవతల విని ఎంపిక చేసేవాళ్లు. ఆర్కెస్ట్రాలో ఖాళీ ఒక్క కుర్చీ; గడువు తీరితే పాతవాళ్లయినా మళ్లీ వాయించి నెగ్గాల్సిందే. నిన్నటిదాకా అందులో కూర్చున్న ఫిడేలాయన కూతురి చెవిలో గొణుగుతున్నాడు.

"...అందుకే చెప్తున్నా, నా బదులు నువ్వెళ్లు."

"నాన్నా, నీకేమన్నా మతిపోయిందా?"

"నెమ్మదిగా! ఆ తలుపు దగ్గరావిడ వింటుంది."

"విననీ. పట్టుకుంటే?"

"ఎలా పట్టుకుంటారే? తెర ఉంది. అడుగులు వినపడకుండా తివాచీ వేశారు. మాట్లాడకూడదు, దగ్గకూడదు. తలుపు దగ్గరావిడ కొత్తది, నంబర్లు తప్ప మొహాలు తెలీవు. నాది పన్నెండు. పన్నెండు అనగానే లేచి వెళ్లడమే."

"నీ కుర్చీకి నువ్వే వాయించుకో."

"ఈ వేలితోనా? ఇదిగో, గిల్లు."

"వద్దు నాన్నా."

"గిల్లవే. ఇంకా గట్టిగా. చూశావా? చిటికెన వేలు నాది కాదు, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. తీగ మీద ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి."

"మరి మొన్న వెళ్లనన్నావ్‌గా? ఇక వాయించను, వదిలేశానని అన్నం దగ్గర చెప్పావ్. అమ్మ కూడా వింది."

"అన్నాను. పౌరుషానికి అన్నాను. తెల్లారేసరికి దిగిపోయింది."

"నీ మాట నమ్మి..."

"నమ్మి? నమ్మి ఏం చేశావ్?"

"ఏం లేదు. స్టూడియోవాళ్లని అడగచ్చుగా? సీరియల్లో ఎవరేడ్చినా నీ ఫిడేలే ఏడ్చేది."

"ఇప్పుడు ఏడవడానికి మిషను పెట్టుకున్నారు. దానికి టీ కూడా ఇవ్వక్కర్లేదు."

"పోనీ, హోటలు?"

"భోంచేసేవాళ్ల మధ్య తిరుగుతూ వాయించమంటే తిరిగాను. ఓడలో వాయించమంటే, అది ఊగుతుంటే స్తంభానికి వీపు ఆనించి వాయించాను. పెళ్లిళ్లలో వాయించాను. సర్కసులో ఎలుగుబంటి డాన్సుకీ వాయించాను. అన్నీ చేస్తే దొరికింది ఈ కుర్చీ. చివరి వరసలో చివరిది. అదీ పోతే నేనెవర్నే? చెప్పు. పొద్దున్న లేచి ఎక్కడికెళ్లను?"

"ఏడవకు నాన్నా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"కుర్చీ వస్తే మాత్రం, ఆ వేలితో ఏం చేస్తావ్?"

"ఆపరేషన్ చేస్తే తిమ్మిరి పోతుందన్నాడు డాక్టరు. అందాకా అందరి కమాన్లతోపాటు నా కమానూ పైకీ కిందకీ పోతే సరి. చివర్లో వాణ్ణి ఎవడు చూస్తాడు?"

"నాన్నా, ఒకే మనిషి రెండు నంబర్లకి వాయిస్తే తెలిసిపోతుందా?"

"చచ్చినట్టు తెలుస్తుంది. పోయినసారి ఒకడు తనకీ వాయించి, తమ్ముడి బదులూ వాయించాడు. రెండూ వాయించింది ఒకటే చెయ్యి అని పట్టేశారు. ఇద్దర్నీ గెంటేశారు. ఎందుకడిగావ్?"

"ఊరికే."

"నీకా బెంగ లేదు. నీ వాయింపు వాళ్లెవరూ విన్లేదు. పైగా నా దగ్గర నేర్చుకున్నదానివి. మొదలెట్టే ముందు సన్నతీగ రెండుసార్లు మీటు, మర్చిపోకు, అది నా అలవాటు. లోపల నా పాతవాళ్లున్నారు, నేనే అనుకుంటారు. వాళ్లడిగిన ముక్క నీకు వచ్చా?"

"వచ్చు."

"మధ్యలో చెయ్యి ఒక్కసారిగా పైకి దూకాలి చూడు, అక్కడ..."

"మూడో వేలు ముందే ఆనించి పెట్టుకుంటే జారదు. తెలుసు."

"నేను చెప్పలేదే?"

"చేసి చూసుకున్నా."

"నా బంగారుతల్లివే! ఫిడేలు కూడా వెంట తెచ్చుకున్నావ్."

"ఇట్నించి ట్యూషన్‌కి వెళ్దామని."

"నీకింకా వయసుంది. ఇలాంటి కుర్చీలు ఎన్నొస్తాయి నీకు!"

"ఎక్కడొస్తున్నాయి నాన్నా? ఒకళ్లు లేస్తేగా ఇంకొకళ్లు కూర్చునేది."

"ఏమన్నావ్?"

"ఏం లేదన్నాగా."

"పదకొండు!"

"అదుగో, పిలుస్తోంది. దీని తర్వాత మనమే. చేతులు రుద్దుకో, చల్లబడిపోయుంటాయ్."

"పదకొండో నంబరు! ఉన్నారా?"

"ఎవరూ లేవరేంటి? అందరూ దిక్కులు చూస్తున్నారు."

"నాన్నా..."

"ఉండు. అమ్మా, పదకొండు రాలేదమ్మా! ఇక్కడెవరూ లేరు!"

"నువ్వెందుకు నాన్నా చెప్పడం?"

"ఒకళ్లు తగ్గితే మనకే మంచిదిగా."

"ఆఖరిసారి పిలుస్తున్నా. పదకొండు? లేరా? సరే, నంబరు కొట్టేస్తున్నా. పన్నెండు!"

"లే తల్లీ, లే. అయ్యో, ఆ కన్నీళ్లేంటి? భయమా? నేనిక్కడే ఉంటాగా. చూడు, మనకెలా కలిసొచ్చిందో. ఆ పదకొండు ఎవరో గానీ, రాకుండా పుణ్యం కట్టుకున్నారు. వాళ్ల కడుపు చల్లగుండ!"

"వచ్చింది నాన్నా. ఇందాకట్నించీ నీ పక్కనే కూర్చుంది."