బోర్డు మీద ఒక తప్పు మాట

నా పేరు యూ షూచిన్. వయసు అరవై రెండు. తైవాన్‌లోని ఈలాన్ జిల్లా, లోతోంగ్ పట్నంలో ఉంటాను. పెద్దవాళ్లకు సాయంత్రం పూట ఇంగ్లీషు నేర్పడం నా వృత్తి. నా మీద ఫిర్యాదు ఇచ్చిన లాన్ చెంగ్‌త్యెన్ గారిని ఎరుగుదును. మా వీధిలో ఆయనకు నాలుగు కొట్లున్నాయి. స్టేషనుకు రాగానే లాయరు కావాలా అని మీరడిగారు, అక్కర్లేదన్నాను. మాటలకు అర్థం చెప్పి బతికేదాన్ని, నా మాటకు నేనే అర్థం చెప్పుకోగలను.

పోయిన మంగళవారం సాయంత్రం ఏడు గంటలకు క్లాసు మొదలైంది. ఎప్పటిలాగే వాన. ముందు వరసలో కూర్చునే చ్యెన్ లియెన్‌హువా ఆ రోజు పుస్తకం తెరవలేదు. ఈమె వీధి మూల మీద ఉల్లికాడల రొట్టెలు కాల్చి అమ్ముతుంది. భర్త పోయాక ఆ కొట్టే ఆధారం. కొట్టు లాన్ గారిది. సైకిళ్ల మీద వచ్చే విదేశీయులతో బేరమాడడానికి నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటోంది.

"టీచర్, ఇవాళ పాఠం వద్దు. నాకొక మాట కావాలి. లేనిపోనివి చెప్పి మనిషి పరువు తీస్తే ఇంగ్లీషులో ఏమంటారు?" అని అడిగింది.

స్లాండర్ అంటారని చెప్పాను. లోపల్లోపల పలికి చూసుకుని, గట్టిగా, "లాన్ స్లెండర్ మీ" అంది. క్లాసంతా పగలబడి నవ్వింది. స్లెండర్ అంటే నాజూకుగా, సన్నగా ఉండడం. మావాళ్లు అందరూ చేసే తప్పే.

"నిన్ను సన్నబరిచాడా అక్కా? కాస్త నన్ను కూడా తిట్టమని చెప్పు, ఒళ్లు తగ్గుతుంది" అంది మందుల షాపు నడిపే షూ అనే ఆమె.

లియెన్‌హువా కూడా నవ్వింది. నవ్వి, "సన్నబడింది నేను కాదే, నా బేరం" అంది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఫోను తీసి మా వీధివాళ్ల గ్రూపు చూపించింది. లాన్ గారు అందులో ఇలా రాశారు: "మూల మీది రొట్టెలు తిని మా మనవడికి ఒకటే వాంతులు. ఆ నూనె ఎన్నాళ్లదో ఏమో. నేను పేరు చెప్పడం లేదు. పిల్లలున్నవాళ్లు జాగ్రత్త." మా వీధిలో మూల మీద రొట్టెలు అమ్మేది ఆమె ఒక్కతే. లాన్ గారికి మనవడు లేడు. ఇద్దరు కొడుకులు, ఇద్దరికీ పెళ్లి కాలేదు. మళ్లీ చెబుతున్నాను, సరిగ్గా రాసుకోండి. మనవడు లేడు.

ఆయనకు ఆ మూల కొట్టు టీ కంపెనీకి ఇవ్వాలని ఉంది. ఖాళీ చెయ్యమన్నారు. అద్దె ఒప్పందం గడువు ఇంకా ఉంది, లియెన్‌హువా చెయ్యనంది. ఆమె చేసిన నేరం అంతే.

నాకు ఒళ్లు మండింది. ఆ రోజు పాఠం పక్కన పెట్టి పరువు తీసే మాటలన్నీ చెప్పాను. మన చైనీసులో నలుపు పూయడం అంటాం, వాళ్లు స్మియర్ అంటారు, జిడ్డు పూయడం. చాటున చెడ్డగా చెప్పడాన్ని బ్యాక్‌బైట్ అంటారు, వెనక నుంచి కరవడం.

"కరిచేది కుక్కా టీచర్?" అని బస్సు డ్రైవరు తావ్ అడిగాడు.

"కుక్కయితే ఎదురుగా వచ్చి మొరుగుతుంది" అన్నాను. ఈ మాట అన్నది నేనే. కాదనను.

ఏ మాట చెప్పినా మావాళ్లు ఉదాహరణ అడుగుతారు. బోర్డు మీద రాశాను: "కొట్టు ఖాళీ చేయించడానికి ఒక యజమాని రొట్టెలమ్మే ఆమెను స్లాండర్ చేస్తున్నాడు." ఇంగ్లీషులో రాసి కింద మన లిపిలో అర్థం రాశాను. ఎవరో ఫొటో తీశారు. అది వీధి గ్రూపులోకి పోయింది. ఎవరు పంపారో నేను అడగలేదు, మీరడిగినా చెప్పను.

మర్నాడు పొద్దున లాన్ గారు మా ఇంటి గుమ్మం ముందుకొచ్చారు.

"ఏమ్మా టీచరమ్మా, నన్ను బోర్డెక్కించావంటగా?"

"అందులో మీ పేరెక్కడుంది?"

"యజమాని అంటే నేను కాదా?"

"ఊళ్లో కొట్లున్నది మీకొక్కరికేనా? అది మీరేనని మీకెవరు చెప్పారండీ?"

ఆయన ఫోను తీసి బోర్డు ఫొటో నా ముఖం ముందు పెట్టారు. "గ్రూపులో సారీ పెట్టు. లేదంటే స్టేషనుకి ఈడుస్తా" అన్నారు.

"ఈడ్వక్కర్లేదు, నడిచే వస్తా" అన్నాను. నడిచే వచ్చాను. నా గొడుగు మీ గుమ్మంలో ఇంకా నీళ్లోడుతోంది.

ఇందాక ఆఫీసరు ఖాంగ్ గారు టీ ఇచ్చి, "ఒక్క సారీతో పోయేదానికి మీకెందుకండీ ఇదంతా?" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ సారీ నా ఒక్కదానిది కాదు. నేను సారీ అంటే, నూనె నిజంగానే కుళ్లిందని వీధి అనుకుంటుంది. ఆమె కొట్టు మూతపడుతుంది. మా వంటగది కిటికీ ఆ కొట్టుకు ఎదురుగానే ఉంది. రోజూ పొద్దున్నే పాత నూనె డబ్బాలోకి వంపి, మూకుడు తోమి, కొత్త నూనె పోస్తుంది. నా కళ్లతో చూస్తాను. అక్కడే రోజూ తింటాను. నాకు ఇంతవరకు వాంతి కాలేదు. సారీ చెప్పను.

అయితే నా వాక్యంలో ఒక తప్పుంది, ఒప్పుకుంటున్నాను. మన భాషలో పరువు తీయడానికి, నోటితో తీసినా రాసి తీసినా, మాట ఒకటే. ఇంగ్లీషులో రెండు. నోటితో అంటే స్లాండర్, రాస్తే లైబెల్. లాన్ గారు నోటితో అనలేదు. రాశారు. రాసి వీధి మొత్తానికి పంపారు. కోపంలో నేను తేలిక మాట రాశాను. అక్కడ లైబెల్ అని ఉండాలి. మన చట్టం కూడా రాసినదానికే ఎక్కువ శిక్ష వేస్తుంది. వచ్చే మంగళవారం బోర్డు మీద అందరి ముందూ దిద్దుతాను. కావాలంటే లాన్ గారు వచ్చి ముందు వరసలో కూర్చోవచ్చు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. "తప్పు ఒప్పుకున్నది" అని ఆఫీసరు రాసిన చోట "మాటలో తప్పు, విషయం నిజం" అని దిద్దించి, అక్కడ వేలిముద్ర వేశాను. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. చెప్పింది నేనే, నిజమే చెప్పాను.

ఇంకొక్క మాట, ఇది కూడా రాయండి. బయట బెంచీ మీద చ్యెన్ లియెన్‌హువా కూర్చుని ఉంది. నా తర్వాత ఆమె ఫిర్యాదు తీసుకోండి. పొద్దుటి నుంచి కొత్త మాట పలకడం నేర్చుకుంటోంది. ఈసారి తప్పు రావడం లేదు.

(సంతకం) యూ షూచిన్
దిద్దిన చోట కుడి చూపుడు వేలి ముద్ర
రాసుకున్నది: ఖాంగ్, లోతోంగ్