నెమలినారకి కట్టిన పసుపు గుడ్డ

భీమడోలులో ఓ ఇంటి అరుగు. ఆయన చేతిలో చిన్న రంపం, చంకలో లోతులేని మట్టి కుండీ. ఆవిడ బియ్యం చెరుగుతోంది.

"ఎక్కడికండీ, రంపంతో?"

"కాలవగట్టుకే. ఏలూరులో రెండు నెలలుండొచ్చాను కదా, వెళ్లేముందు అక్కడి నెమలినార చెట్టు కొమ్మకి అంటు కట్టాను. ఈపాటికి వేళ్లు దిగుంటాయి. కోసి కుండీలో పెడితే, ఆ గరుకు బెరడుతో జానెడు ఎత్తున ముసలి చెట్టులా ఉంటుంది. జపానువాళ్లు అలాగే పెంచుతారట."

"తాడిచెట్టంత ఎదిగేదాన్ని జానెడు చేస్తారా! ఇంతకీ ఏ కొమ్మకి?"

"కాలవ మీదికి వాలిందే, దానికి. బెరడు ఒలిచి, కొల్లేటి నాచు పెట్టి, గుడ్డ చుట్టాను. నాచు ఎండిపోయిందేమోనని నా భయం."

"ఏం గుడ్డండీ?"

"వంటింట్లో దొరికిన పసుపు గుడ్డ. ఏం?"

"అయ్యో రామ! ఆ మూట మీరు కట్టిందా! ఎవరో మొక్కుకుని ముడుపు కట్టారనుకుని, ఊళ్లో ఆడవాళ్లంతా దాని పక్కనే ముడుపులు కట్టేశారండీ. రోజూ వాటి మీద బిందెలతో నీళ్లు పోస్తున్నారు, నాచెందుకు ఎండుతుంది! మొన్న కరణంగారి కోడలు నెల తప్పింది కూడాను. ఇప్పుడా కొమ్మ మీద రంపం పెడితే మిమ్మల్ని కాలవలో ముంచేస్తారు."

"చదువుకున్నదానివి, నువ్వైనా వాళ్లకి చెప్పలేకపోయావా?"

"నేనూ కట్టానండీ."

"నువ్వా! ఏమని?"

"మీకీ కుండీల పిచ్చి వదలాలని."

ఆయన రంపం కింద పెట్టాడు. కుండీ తీసి అరుగు మీద పెట్టాడు.

"ఏవండీ, బజారుకెళ్లి ఓ కొబ్బరికాయ తెచ్చిపెడుదురూ. మొక్కు తీర్చుకోవాలి."