తెల్ల గోళీ అన్నకు, పచ్చ గోళీ తమ్ముడికి

ఈ సన్మాన సభ అధ్యక్షులు విఠల్ గారికి, పాతికేళ్లు నన్ను కాంపౌండర్‌గా భరించిన డాక్టరు గారికి, ఇవాళ బట్ట నేసే సాంచాలు బంద్ పెట్టి మరీ నిజాంపురా నుంచీ, అంజూర్ ఫాటా నుంచీ వచ్చిన అన్నలకూ అక్కలకూ ఈ హనుమాండ్లు నమస్కారాలు.

విఠల్ గారు నన్ను చిన్న డాక్టరు అన్నారు. (నవ్వులు) నవ్వకండి. ఆ పేరే నన్ను చెడగొట్టింది.

అయిదేళ్ల కింద నర్సింగం అన్నకు బీపీ ఒక్క గోళీతో దిగడం లేదని డాక్టరు గారు రెండోది కలిపి రాశారు. ఒకటి రక్తనాళాలను వదులు చేస్తుంది, ఇంకొకటి ఒంట్లో ఎక్కువైన ఉప్పునూ నీటినీ బయటికి పంపుతుంది, రెండూ కలిస్తేనే ఆయనకు పని జరుగుతుందని నాకు విడమర్చి చెప్పారు కూడా. విన్నానా? ఆయన భార్య ఆగమ్మ వదిన "రెండు మింగితే పానం ఖరాబ్ గాదా?" అని అడగగానే పెద్ద తెలిసినవాడిలా "ఒక్కటి చాలు వదినా. తెల్లది అన్నకియ్యి, పచ్చది పెద్దులుకియ్యి. ఆయనకు గూడ బీపే గదా" అన్నాను. పెద్దులు నర్సింగం అన్నకు సొంత తమ్ముడు; ఇద్దరూ అవే సాంచాలను చెరో పాళీ నడిపి, ఒకే చాప మీద వంతులవారీగా పడుకునేవాళ్లు. గోళీలనూ అట్లే పంచుకున్నారు.

ఎనిమిది నెలలకు నర్సింగం అన్న సాంచా పక్కనే కూలబడ్డాడు. కుడిచేయి పడిపోయింది. అందరూ రాత అన్నారు. నేనూ అదే అన్నాను, థూ నా బతుకు! డాక్టరు గారూ, ఈ సంగతి మీకూ ఇప్పుడే తెలుస్తోంది.

(విఠల్ గారు లేచి మైకు కోసం చెయ్యి చాచారు)

విఠల్ గారూ, మైకు అడక్కండి, అయిపోలేదు. నిన్న పెద్దులుకు బీపీ నూట తొంభై. డాక్టరు గారు రెండు గోళీలు రాస్తే, బయటికొచ్చి ఒకటి తిరిగి నా చేతిలోనే పెట్టాడు. రెండూ మింగమని ఎంత బతిమాలినా "డాక్టరుకు భయపడి మాట మారుస్తున్నవే అన్నా. అప్పుడే నిజం చెప్పినవ్" అన్నాడు.

పెద్దులూ, ఇటు చూడు. అప్పుడు నేను చెప్పింది నిజం గాదు. నాకు తెల్వదు. తెల్వదనడానికి సిగ్గయి చెప్పిన. మీ అన్న చెయ్యి నా మాట వల్లనే పోయింది. రెండూ వేసుకో తమ్మీ, నీ కాళ్లు మొక్కుత.

(ఆగమ్మ లేచి, పెద్దులు చెయ్యి పట్టుకుని డాక్టరు గారి ముందుకు నడిపించింది. హనుమాండ్లు వైపు చూడలేదు.)

చాలు వదినా. నా దిక్కు చూడకున్నా సరే.

వచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. శాలువా వద్దు. సెలవు.