పెరుగు తోడుకునే దేశం

ఆదివారం పొద్దున, మలేషియాలోని సైబర్‌జయలో పన్నెండో అంతస్తు. బదిలీ కెన్యాలోని నైరోబీకా, ఘనాలోని అక్రాకా అన్నది రేపు బాసుకి చెప్పాలి భాస్కర రావు. రెండు ఊళ్లలో దేంట్లోనూ కాలు పెట్టకుండానే రెండింటికీ మార్కులు వేసేసిన ఆ మహానుభావుడు, ఇడ్లీ పళ్లెం ముందు కూర్చుని భార్య మధులికకి గళ్ల కాగితంలోంచి ఫలితాలు చదివి వినిపిస్తున్నాడు.

"...కాబట్టి వాతావరణంలో కెన్యాకి ఎనిమిది, ఘనాకి అయిదు."

"ఎవరు వేశారు ఈ మార్కులు?"

"నేనే."

"మీరెప్పుడు వెళ్లారు ఘనా?"

"వెళ్లొచ్చినవాడికి పక్షపాతం ఉంటుంది మధూ. వెళ్లనివాడే సరిగ్గా వేస్తాడు."

"సరే. పెరుగు సంగతేంటి?"

"అక్కడికే వస్తున్నా. నైరోబీ ఎత్తు మీదుంది, చలి. రాత్రి తోడుపెడితే పొద్దునకీ పాలేనంట. అక్రాలో సముద్రపు ఉక్క. పొద్దున తోడుపెడితే మధ్యాహ్నానికి పుల్లగా అయిపోద్దంట."

"అంటే ఒక దేశంలో పెరుగవదు, ఇంకో దేశంలో ఆగదు."

"అందుకే పెరుగులో చెరో అయిదు."

"దేశాల బాగోగులు కొలిచే పెద్దలకి ఈ కొలత తట్టలేదు పాపం."

"నవ్వు, నవ్వు. మా పెద్దమ్మ అయితే సింహాలు ఇళ్లలోకొస్తాయా అంది. ఆవిడకన్నా నేను నయం కదా."

"మీరేం తక్కువ? ఇక్కడికొచ్చేటప్పుడు మలేషియాలో కరెంటుంటుందో ఉండదోనని కొవ్వొత్తులు మోసుకొచ్చారు. నాలుగు దీపావళులయ్యాయి, అవింకా అయిపోలేదు."

"ముందుజాగ్రత్త అంటారు దాన్ని."

"లగేజీ ఎక్కువైందని నా ఆవకాయ తీసేసి మరీ తెచ్చారు ఆ ముందుజాగ్రత్తని."

"ఇంకా ఎన్నాళ్లు అంటావు ఆ మాట? సరే, నీకేది ఇష్టమో చెప్పు. కెన్యానా, ఘనానా?"

"మూడో దేశం పేరు చెప్పచ్చా?"

"ఆ గడి లేదు ఇందులో."

"లేదు కదా. అయితే మీరే చెప్పండి, అసలెందుకు వెళ్లడం?"

"నాలుగేళ్లకోసారి మార్చడం కంపెనీ పద్ధతి. పైగా అక్కడ మేనేజరు పోస్టు. పైగా... నిజం చెప్పనా?"

"చెప్పండి, మనిద్దరమే ఉన్నాం."

"రెండు దేశాలు నన్ను రమ్మంటున్నాయని తెనాలిలో మా బావతో ఒకసారి అనాలి. అంతే. అన్నాక ఏ దేశమైనా ఒకటే నాకు."

"అనేశారుగా మొన్న. మూడుసార్లు చేశారు ఫోను."

"మొదటి రెండుసార్లూ వాడు సరిగ్గా వినలేదు."

"అంతా బాగానే ఉంది గానీ, మీ చోటికి ఎవరో ఒకరు వస్తేనే కదా మిమ్మల్ని పంపేది?"

"సాయి కిరణ్ వస్తున్నాడుగా హైదరాబాదు నించి. నేనే ఒప్పించా. సైబర్‌జయ అంటే స్వర్గం, మన కొండాపూర్‌కి చెట్లు పెట్టినట్టుంటుంది అని చెప్పా."

"ఆ మాట ఎక్కడో విన్నట్టుందే."

"స్వర్గమని లెచ్చుమనన్ అన్నాడు ఫోన్లో. మనకి ముందు ఇక్కడున్నాయన."

"మనం దిగిన మర్నాడే విమానమెక్కాడు. ఆయనేగా?"

"ఏదో తొందర పనుండి ఉంటుంది."

"మరి నైరోబీలో ఉన్నాయన ఏమన్నాడు మీతో?"

"ఉదయ్‌కిరణా? స్వర్గం సార్ అన్నాడు. ఏసీ అక్కర్లేదంట, కరివేపాకు దొరుకుతుందంట."

"అక్రాలో ఆయన?"

"గోపాలసామిగారా? ఆయనా స్వర్గమే అన్నాడు. సముద్రం ఉంది, మనుషులు పలకరిస్తారు, వాళ్ల ముద్ద అచ్చం మన సంగటేనంట."

"ఇద్దరికీ స్వర్గంలోంచి బయటపడాలని ఇంత తొందరేంటండీ?"

"పిల్లల చదువులు..."

"గోపాలసామిగారికి పిల్లల్లేరు."

"నీకెలా తెలుసు?"

"వళ్ళియమ్మై చెప్పింది, ఆయన భార్య. మీరు మొగుళ్లకి చేశారు, నేను పెళ్లాలకి చేశాను."

"మంచి పని చేశావు. ఏమంది?"

"రావద్దంది. ఉక్క, దోమలు, పూటకోసారి కరెంటు పోతుందంది. నైరోబీలో ఉదయ్‌కిరణ్ భార్య ప్రగతి కూడా అంతే. దుమ్ము, దొంగలు, అడుగు తీసి అడుగేయడానికుండదు అంది."

"ఇదేంటి? మొగుడు స్వర్గమంటాడు, పెళ్లాం నరకమంటుంది. వీళ్లు ఒకే ఇంట్లో ఉంటున్నారా అసలు?"

"మీ మార్కులెలా వేస్తారు ఇప్పుడు?"

"సగటు తీస్తా."

"తీయండి. ప్రగతి చివర్లో ఇంకో మాటంది. తను అక్కడి ఆడపిల్లలకి కుట్టు నేర్పుతోందంట. సంక్రాంతికి వాళ్లే వచ్చి ముగ్గు వేశారంట. చెప్తూ చెప్తూ ఏడ్చింది."

"దుమ్ములో ముగ్గు నిలబడుతుందా?"

"మీకు ముగ్గు గురించే వినబడిందా?"

"లేదులే. అర్థమైంది."

"ఊరు నచ్చినవాళ్లు ఇంకొకరిని రమ్మనరండీ. మీరొస్తే వాళ్లు పెట్టె సర్దుకోవాలి. నిన్న పక్కింటి మారియమ్మగారొచ్చారు. మనం పోతున్నామని ఎవరో చెప్పారంట."

"ఏమన్నారు?"

"'ఏటమ్మా, మనవలు తమిళంలోనే జవాబు సెప్తారు. నువ్వూ ఎల్లిపోతే నాతో తెలుగు మాటాడేవోళ్లు ఎవులున్నారు లా? నా నాలిక తుప్పట్టిపోద్ది' అని చెయ్యి పట్టుకున్నారు. ఈ దేశంలోనే పుట్టినావిడ. బాగన్ దాతుక్ తోటల్లో వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న మాటలు, చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలించి నా దగ్గరే బయటికి తీస్తారావిడ."

"మధూ..."

"మస్కట్‌లో ఒకసారి సర్దాను, చెన్నైలో ఒకసారి సర్దాను. ఇక్కడ ఒక మనిషి నా కోసం సాయంత్రం ఎదురుచూస్తోంది. నాకు వెళ్లాలని లేదండీ."

"ముందే అనొచ్చుగా."

"ఆ గడి లేదన్నారుగా."

"ఇప్పుడేం చెయ్యను? సాయి కిరణ్ సరేనన్నాడు. వాడొస్తే మనం కదలక తప్పదు."

"మీ ఫోను మోగుతోంది."

"వాడే. హలో, చెప్పు సాయి... ఆఁ... రావా? మొన్న సరేనన్నావుగా. ఎవరు, మీ ఆవిడా? ఏంటీ, పాములా? పన్నెండో అంతస్తులోకా? లేదయ్యా, ఎవరో... సరే, సరే. ఉంటా."

"ఏమంటాడు?"

"రాడంట. వాళ్లావిడ ససేమిరా అంటోందంట. పామాయిల్ తోటల్లోంచి పాములు నేరుగా ఇళ్లలోకొస్తాయంట. నాలుగేళ్లలో ఒక్క పామునైనా చూశామా మనం? ఆ పిల్లకి ఎవరు చెప్పారో."

"ఇంకో ఇడ్లీ వేయనా?"

"మధూ."

"మెట్లెక్కి వస్తాయంటే నమ్మదేమోనని, లిఫ్టులో వస్తాయని చెప్పాను."