చెవితో చెప్పిన సంవత్సరం

గడియారాల మామయ్య కోతలు కోస్తాడని పాలావిడ దగ్గర్నుంచి బస్సు కండక్టరు దాకా వీధిలో అందరికీ తెలుసు. తెలిసీ, ఆదివారం మధ్యాహ్నం టీకొట్టు వెనక బల్లల మీద చోటు దొరకదు. వారంలో ఆరు రోజులూ నిజాలే వింటాం, ఏడో రోజైనా చెవులకి సెలవు ఉండాలి కదా అంటాడు టీకొట్టాయన.

వాళ్ళక్కయ్య కూడా వస్తుంది. కోతల కోసం కాదు, తమ్ముడి కోసం. గోడవారగా కూర్చుని ఊలు అల్లుకుంటూ ఉంటుంది. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచింది ఆవిడే. అందుకని అతని అబద్ధాల కొలత ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ కొలత ఇదీ: మనసు కుదురుగా ఉంటే అబద్ధం జానెడుంటుంది, లోపల భయం ఉంటే బారెడు అవుతుంది. చిన్నప్పుడు చెవిపోటు వస్తే చెవిలో ఏనుగు దూరిందన్నాడు. లెక్కల పరీక్ష తప్పిన రోజున బడి మొత్తం ఏట్లో కొట్టుకుపోయిందన్నాడు. అన్నం తినకుండా ఆ ఏరు ఎంత లోతో కూడా చెప్పాడు.

ఆ ఆదివారం సన్నగా వాన పడుతోంది. రేకుల మీద ఆ చప్పుడు జోలపాటలా ఉంది. దర్జీ వచ్చి, రుమాల్లో చుట్టిన వెండి జేబు గడియారం మామయ్య అరచేతిలో పెట్టాడు. ముందూ వెనకా మూతలున్న గడియారం.

"మా మామగారిది. ఏ కాలం నాటిదో చెప్పు మామయ్యా, మా అమ్మాయి ఒకటే అడుగుతోంది," అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి తెలుసుకోవాలి. పాత ఇంగ్లీషు గడియారానికి వయసు చెప్పేది దాని ముఖం కాదు, వీపు. వెనక మూత లోపలి వైపున చీమ తలకాయంత ముద్రలు కొన్ని ఉంటాయి. నడుస్తున్న సింహం ఉంటే అసలు వెండి. చిరుతపులి తల ఉంటే లండన్‌లో పరీక్ష చేసినది, ఆ తలకి కిరీటం కూడా ఉంటే మరీ పాతది. వాటి పక్కనే ఒక అక్షరం. ఏటా వేసవిలో అక్షరం మార్చుకుంటూ పోయేవారు. వరస అయిపోతే మళ్ళీ మొదటికి వచ్చేవారు, కాకపోతే ఈసారి అక్షరం రూపం మార్చేవారు, చుట్టూ ఉన్న గడి ఆకారమూ మార్చేవారు. ఆ రెండూ కనిపెడితే సంవత్సరం తెలిసిపోతుంది. కనిపెట్టాలంటే కంటికి చిన్న భూతద్దం బిగించుకోవాలి. వాచీలవాళ్ళు దాన్ని ఐగ్లాసు అంటారు. మామయ్య చొక్కా జేబులో అది ఎప్పుడూ ఉంటుంది. ఎన్ని కోతలు కోసినా సంవత్సరం దగ్గర మాత్రం ఆయన ఏనాడూ అబద్ధమాడలేదు. చూసి, సంవత్సరం చెప్పి, ఆ తర్వాతే కోత మొదలుపెట్టేవాడు.

ఆ రోజు ఐగ్లాసు జేబులోంచి బయటికి రాలేదు. మామయ్య మూతైనా తీయకుండా గడియారాన్ని చెవికి ఆనించుకున్నాడు.

"అద్దం పెట్టి చూడవా?" అన్నాడు దర్జీ.

"అద్దాలు నేర్చుకునేవాళ్ళకోయ్. నేనిప్పుడు చెవితో చెప్తున్నాను."

గోడవార అల్లిక ఆగింది.

"మీకు చెప్పలేదు గానీ, మొన్నీమధ్య ఒక పెద్దమనిషి ఇంటికి పిలిచాడు, బల్లనిండా గడియారాలు పరిచాడు, అప్పుడే కరెంటు పోయింది, తలుపులన్నీ వాన కోసం మూసేశారు, కన్ను పొడుచుకున్నా కనిపించదు. నేను కంగారు పడ్డానా? ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకున్నాను. కొత్త గడియారం పరిగెత్తుతుంది. పాతది పీట మీంచి లేచిన ముసలాయనలా నడుం పట్టుకుని నడుస్తుంది. ఇది తాత, ఇది ముత్తాత అని చీకట్లోనే వరస పెట్టేశాను. కరెంటు వచ్చాక చూస్తే ఒక్కటీ తప్పలేదు."

"ఒక్కటి కూడానా?" అన్నాడు కండక్టరు.

"ఒకటి తప్పింది. అది గడియారం తప్పు. వయసు దాచుకుంటోంది."

బల్లలు కిర్రుమనేలా నవ్వారు. జానెడే కదా, ఫరవాలేదు అనుకుంది అక్కయ్య.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్దమనిషి లోపల్నుంచి ఇంకోటి తెచ్చాడు. ముద్రలన్నీ అరిగిపోయాయి, దీని వయసు ఎవరికీ అంతుపట్టలేదు అన్నాడు. ఓస్ ఇంతేనా అని, దాన్ని తలకింద పెట్టుకుని అక్కడే ఒక కునుకు తీశాను. గడియారం తలకింద పెట్టుకుంటే అది పుట్టిన ఏడాది కల్లోకి వస్తుంది, అది మీకు తెలీదు. కల్లో వాన పడింది. లేచి చూసుకుంటే భుజాలు తడి."

"ఇల్లు కారిందేమో," అన్నాడు టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ.

"ఇల్లు కారితే మన వాన పడుతుంది. ఇది మూడొందల ఏళ్ళ కిందటి వాన. వాసనే వేరు. బొగ్గు పొగ, తడిసిన గుర్రాలు."

దర్జీ కళ్ళు అరమూతలు పడ్డాయి. బయట వాన కూడా ఎక్కడో పాత ఊళ్ళో పడుతున్నట్టే ఉంది.

"అక్కడితో ఆగితే నేనెందుకు? ఆ గడియారాల కడుపులో గొలుసు ఉంటుంది. అచ్చం సైకిలు గొలుసే, కాకపోతే వెంట్రుకంత. దాని కొస నా వేళ్ళకి చిక్కింది. లాగాను. వస్తోంది. ఇంకా లాగాను. ఇంకా వస్తోంది. ఒళ్ళో పడింది, మెట్లు దిగింది, వీధి దాటింది, వంతెన దాటింది, నేను దాన్ని వేళ్ళతో తడుముకుంటూ వెనకాలే. చుట్టూ పొగమంచు. నా చెయ్యి నాకే కనిపించదు. గొలుసు చల్లగా, పాము పిల్లలాగా, పద పద అంటోంది. ఎంత దూరం పోయానో, ఒక తలుపు తగిలింది. లోపల ఆ గడియారం చేసిన ముసలాయన. వచ్చావా నాయనా, నా గంట ఒకటి పోయింది, తెచ్చావా అన్నాడు."

"ఏ భాషలో?" అన్నాడు కండక్టరు.

"గడియారం భాషలో. నీకు చెప్పినా ఎక్కదు."

అక్కయ్య నవ్వలేదు. ఆవిడ ఇంకో సంగతి గమనించింది. తమ్ముడి కోతల్లో ఎప్పుడూ రంగులుండేవి. నిమ్మపండు లాంటి బంగారు మూత, నీలం ముళ్ళు, పాలమీగడ లాంటి డయలు. ఇవాళ ఒక్క రంగు లేదు. అంతా చప్పుడు, వాసన, తడి, చలి. కథలో ఎక్కడికి వెళ్ళినా చీకటో మంచో. ఇది బారెడు దాటిపోతోందిరా అనుకుంది, ఊలుండ ఒళ్ళోంచి జారినా చూసుకోలేదు.

"ముసలాయన నన్ను రాజుగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. రాజుగారు టైమెంతయిందన్నారు. మంచులో ఏ గడియారం కనిపిస్తుంది? చెవి రిక్కించి చెప్పాను. రాజ్యంలో గంటలన్నీ నా మాట మీద తిప్పారు. తొందర్లో రెండు నిమిషాలు ఎక్కువ చెప్పాను, అందుకే లోకం అంతా ఇవాళ్టికీ రెండు నిమిషాలు ముందు నడుస్తోంది."

"అదా సంగతి. జనం రోజూ నా బస్సు లేటు అంటారు," అన్నాడు కండక్టరు.

"మరి. ఆ రాజుగారు సంతోషించి, నడుముకున్న గడియారం తీసి ముసలాయనకిచ్చి, దీన్ని ఈ మనిషికే చేర్చు, ఎన్నాళ్ళయినా సరే అన్నారు. అదెక్కడుందనుకున్నారు? ఇదిగో." మామయ్య దర్జీ ఇచ్చిన గడియారాన్ని పైకెత్తాడు. "రాజుగారిది. మూడొందల ఏళ్ళది."

తమ్ముడు సంవత్సరం దగ్గర అబద్ధమాడటం అక్కయ్య ఎన్నడూ వినలేదు.

మామయ్య బొటనవేలితో మీట నొక్కాడు. ముందు మూత టప్పున తెరుచుకుంది. గడియారాన్ని తనకేసి తిప్పుకుని తల పంకించాడు. "ఇవాళ్టికీ తేడా రాలేదు. నాలుగుకి అయిదు నిమిషాలు తక్కువ. పెద్ద ముల్లు ఎంత ఠీవిగా నిలబడిందో చూడండి."

అందరూ చూశారు. మొదట కండక్టరు నవ్వాడు, తర్వాత టీకొట్టాయన. "అన్నిటికన్నా ఇది గొప్పగా ఉంది మామయ్యా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

మామయ్య కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది, ఎందుకు నవ్వుతున్నారో పక్కవాళ్ళ మొహాల్లో వెతుక్కుంటున్నట్టు.

అక్కయ్య లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"ఒరేయ్ తమ్ముడూ, దానికి ముళ్ళు లేవురా," అంది మెల్లగా.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మామయ్య బొటనవేలు డయలు మీదికి పాకింది. అద్దం కూడా లేదు. మధ్యలో ముళ్ళు బిగించే చిన్న మొలక తగిలింది, అంతే. వేలు దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"పోయినేడు అద్దం పగిలి ఊడిపోయాయి," అన్నాడు దర్జీ, అది తన తప్పైనట్టు. "చెప్దామంటే మధ్యలో సందు దొరకలేదు."

"ఏం కనిపిస్తోందిరా నీకు?" అంది అక్కయ్య.

"అంచులు కనిపిస్తాయక్కా. మధ్యలో ఎవరో తడివేలితో చెరిపేసినట్టుంటుంది. ఇప్పుడు నీ చెవులు కనిపిస్తున్నాయి. మొహం లేదు."

టీకొట్టాయన పొయ్యి మంట తగ్గించాడు. అప్పుడు తెలిసింది, వాన ఎంత చప్పుడు చేస్తోందో.

మామయ్య జేబులోంచి ఐగ్లాసు తీసి అక్కయ్య చేతిలో పెట్టాడు. "ఆ పిల్ల అడుగుతోందిగా. నువ్వు చూసి చెప్పు. వెనక మూత."

ఆవిడకి మొదట తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. దగ్గరికి జరుపు, వెలుతురుకేసి తిప్పు అని అతను చెప్తుంటే, ఉన్నట్టుండి వెండి మీద ఒక చిన్న మృగం నడిచి వచ్చింది.

"సింహంరా. ఎడమకి పోతోంది."

"పులి తల?"

"ఉంది."

"కిరీటం?"

"లేదు. బోడితల."

"అక్షరం?"

"హెచ్. పెద్దది, సాదాగా ఉంది. చుట్టూ డాలు లాంటి గడి."

మామయ్య పెదవులు కదిలాయి. "పద్దెనిమిదొందల ఎనభై మూడు వేసవి నుంచి ఎనభై నాలుగు వేసవి లోపు," అన్నాడు. "మంచి గడియారం. ముళ్ళు వేయించి అమ్మాయికివ్వు."

"మరి రాజుగారో?" అన్నాడు కండక్టరు, పోనీ ఏదో ఒకటి అనాలని.

"ఆయన అప్పటికి పోయి చాలా కాలమైంది."

దర్జీ గడియారాన్ని రుమాల్లో చుట్టుకున్నాడు. టీకొట్టాయన అడక్కుండానే రెండు టీలు తెచ్చి పెట్టాడు. అక్కయ్య ఒక గ్లాసు తమ్ముడి చేతికి అందించి, వేళ్ళు దాని చుట్టూ మూసుకునేదాకా వదల్లేదు.

"రేపు పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి పోదాం. నేనూ వస్తాను."

మామయ్య గ్లాసుని రెండో చేత్తో కూడా పట్టుకున్నాడు.

"భయంగా ఉందక్కా."

"తెలుసురా," అంది ఆవిడ. "ఇందాకట్నుంచీ వింటూనే ఉన్నాగా."